రోజుకి 60 కిలోల మేత పడే ఆర్‌ఏఎస్‌కి బయోమీడియా ఎంత కావాలి?

ఆర్‌ఏఎస్ అంటే ఉన్న నీళ్లనే శుద్ధిచేసి మళ్లీ మళ్లీ తిప్పుతూ చేప పెంచే యూనిట్. బయోమీడియా అంటే అమ్మోనియాని తినే బ్యాక్టీరియా అంటుకుని పెరగడానికి ఫిల్టర్‌లో వేసే సరుకు. మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. 30 ఘనమీటర్ల ట్యాంకులు ఆరు. తిలాపియా. 32 శాతం ప్రోటీన్ ఉన్న తేలే మేత, పట్టుబడికి దగ్గర పడ్డప్పుడు రోజుకి 60 కిలోల దాకా. యూనిట్ కట్టే ఆయన 4 ఘనమీటర్ల బయోఫిల్టర్ ట్యాంకు, అందులో 2 ఘనమీటర్ల ‘900 రకం’ ప్లాస్టిక్ మీడియా, గంటకి 20 ఘనమీటర్ల నీళ్లు తోసే మోటారు ఇస్తానన్నాడు. ఇది సరిపోతుందా, దీని బదులు సిరామిక్ రింగులో కంకరో వేసుకుంటే డబ్బు మిగులుతుందా, బ్యాక్టీరియా సీసాలు కొనాలా, మీడియాని ఎన్నాళ్లకోసారి కడగాలి అని అడిగారు.

సరిపోదు. 2 ఘనమీటర్ల మీడియా రోజుకి 10 కిలోల మేత తాలూకు అమ్మోనియాని నమ్మకంగా లాగుతుంది. బాగా ముదిరిన ఫిల్టర్ అయితే, మీరు అమ్మోనియా కొంచెం ఎక్కువున్నా ఓర్చుకుంటానంటే, 17 కిలోల దాకా. మీకు 60 కిలోలకి కావాలి. అంటే 7 నుంచి 12 ఘనమీటర్ల మీడియా, దానికి తగ్గట్టు 20 ఘనమీటర్ల ట్యాంకు. రకం విషయానికొస్తే, గాలి తోపుకి నీళ్లలో తిరుగుతూ కదిలే ప్లాస్టిక్ మీడియానే తీసుకోండి. మీ సైజు యూనిట్‌కి సిరామిక్ రింగులు, కంకర వద్దు. మోటారు సంగతి మీడియా కంటే పెద్ద సమస్య, దాని గురించి కింద రాస్తాను.

ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో చెబుతాను. లెక్క మీ చేతిలో ఉంటే అమ్మేవాళ్లతో మాట్లాడటం తేలిక.

చేప తిన్న ప్రోటీన్‌లో ఒంటికి పట్టింది పోగా మిగిలిన నత్రజని ఎక్కువ భాగం మొప్పల గుండా అమ్మోనియాగా నీళ్లలోకి వస్తుంది. డిజైన్ చేసేటప్పుడు వాడే లెక్క ఏమిటంటే, మేతలోని ప్రోటీన్ బరువులో 9.2 శాతం అమ్మోనియా నత్రజని అవుతుంది. కిలో మేతలో 320 గ్రాముల ప్రోటీన్ ఉంటే 29 గ్రాముల చిల్లర. 60 కిలోలకి సుమారు 1,770 గ్రాములు. ఇది రోజూ వచ్చే సరుకు.

ఇక దాన్ని తినే బ్యాక్టీరియా. నీళ్లలో మొత్తం అమ్మోనియా లీటరుకి 1 మిల్లీగ్రాము దగ్గర ఉంచాలనుకుంటే, మన వాతావరణంలో ఒక చదరపు మీటరు మీడియా తలం మీద ఉన్న బ్యాక్టీరియా రోజుకి 0.3 గ్రాములు తీస్తుందని అనుకోవచ్చు. 2 మిల్లీగ్రాముల దాకా ఫర్వాలేదనుకుంటే 0.5 గ్రాములు. మంచి కె1 రకం (చిన్న ప్లాస్టిక్ చక్రాల్లాంటి) మీడియాలో ఘనమీటరుకి 500 చదరపు మీటర్ల లోపలి తలం ఉంటుంది. 500ని 0.3తో హెచ్చిస్తే 150 గ్రాములు. దాన్ని 29తో భాగిస్తే 5 కిలోల మేత.

గుర్తుంచుకోవలసిన అంకె ఇదొక్కటే: ఒక ఘనమీటరు మీడియాకి రోజుకి 5 కిలోల మేత. ఫిల్టర్ ముదిరి, పీహెచ్ అదుపులో ఉంటే 8 కిలోలు. కొరమీను వేసేవాళ్లకి ఇది ఇంకా తగ్గుతుంది. ఆ మేతలో ప్రోటీన్ 40 శాతం పైనే ఉంటుంది కాబట్టి ఘనమీటరుకి 4 కిలోలే లెక్కేసుకోవాలి. కొరమీను గాలి పీల్చుకుని బతుకుతుందని, దానికి ఫిల్టర్ అక్కర్లేదని చెప్పేవాళ్లు దొరుకుతారు. గాలి పీల్చే చేపైనా మొప్పల నుంచి అమ్మోనియా వదలక మానదు.

చూశారా, ఈ లెక్కలో ట్యాంకు పరిమాణం ఎక్కడా రాలేదు. ‘180 ఘనమీటర్ల నీళ్లకి 2 ఘనమీటర్ల మీడియా, ఒక శాతం పైనే కదా’ అని యూనిట్ కట్టేవాళ్లు చెప్పే మాటకి ఆధారం లేదు. అదే నీళ్లలో రోజుకి 5 కిలోల మేత వేస్తే ఒక ఘనమీటరు మీడియా చాలు. 150 కిలోలు వేస్తే 30 కావాలి. 150 అంకె ఊరికే అనలేదు. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో 25 లక్షల యూనిట్ ఖర్చుతో పెట్టిన మధ్యరకం ఆర్‌ఏఎస్, అంటే 30 ఘనమీటర్ల ట్యాంకులు ఆరు, 10 టన్నుల సామర్థ్యం, మీది అదేననుకుంటున్నాను. ఆ 10 టన్నులూ ఒకేసారి నీళ్లలో ఉంటే, ఒంటి బరువులో ఒకటిన్నర శాతం చొప్పున మేత 150 కిలోలు. మీరు 60 అన్నారంటే నీళ్లలో ఒక సమయంలో 4 టన్నులు ఉంచుతారన్నమాట. అది తెలివైన పని. ట్యాంకు ట్యాంకుకీ పిల్ల వేసే తేదీ మార్చి, నెలకో ట్యాంకు పట్టుకునేలా పెట్టుకుంటే ఫిల్టర్ మీద భారం ఏడాది పొడవునా ఒకే తీరుగా ఉంటుంది. ఆరు ట్యాంకులూ ఒకేరోజు వేసి ఒకేరోజు పట్టేవాళ్లకి ఆఖరి నెలలో ఫిల్టర్ చాలదు, మొదటి రెండు నెలలు ఖాళీగా తిరుగుతుంది.

‘అమ్మోనియా పెరిగితే నీళ్లు మారుస్తాం’ అంటారేమో. అదీ లెక్కేద్దాం. రోజుకి 10 శాతం అంటే 18 ఘనమీటర్లు. అందులో అమ్మోనియా 1.5 మిల్లీగ్రాముల చొప్పున ఉంటే బయటికి పోయేది 27 గ్రాములు. వచ్చేదేమో 1,770. నీళ్లు మొత్తం పారబోసినా 270 గ్రాములే పోతాయి. నీళ్ల మార్పిడి నైట్రేట్‌ని (అమ్మోనియాని బ్యాక్టీరియా మార్చాక మిగిలేది), నీళ్లలో కరిగిన మిగతా మురికిని తగ్గించడానికి. అమ్మోనియాకి అది జవాబు కాదు.

మరి 2 ఘనమీటర్ల మీడియాతో నడుస్తున్న యూనిట్లు చాలా ఉన్నాయి కదా, అవెలా బతుకుతున్నాయి? నేను చూసినవాటిలో రకరకాలుగా. కొన్ని 60 కిలోల మేత అని మొదలుపెట్టి చేప తినక 20 దగ్గర ఆగిపోయినవి. కొన్ని అమ్మోనియా 5, 6 మిల్లీగ్రాములున్నా పీహెచ్ తక్కువగా ఉండటం వల్ల గట్టెక్కుతున్నవి. గోడలకి, పైపులకి, నీళ్లలో తేలే మడ్డికి పట్టిన బ్యాక్టీరియా కూడా కొంత పని చేస్తుంది, దాన్ని తీసెయ్యలేం. కానీ చేప పెరుగుదల మందగించి, మేత ఎక్కువ పట్టి, చివరికి లెక్క చూసుకుంటే కిలో చేపకి రెండు కిలోల మేత పడిందని తెలుస్తుంది. చేప చావదు కాబట్టి తప్పు ఫిల్టర్‌దని ఎవరికీ తట్టదు. పిల్ల బాగోలేదనో మేత బాగోలేదనో అంటారు.

‘900 రకం’ మాట. చదరపు మీటర్ల అంకెని అమ్మేవాళ్లు రెండు రకాలుగా చెబుతారు. ఒకటి మొత్తం తలం, బయటివైపు కూడా కలిపి. రెండోది లోపలి తలం. కదిలే మీడియా రోజంతా ఒకదానికొకటి రాసుకుంటూ తిరుగుతుంది. బయటివైపు పట్టిన పొర ఎప్పటికప్పుడు రాలిపోతుంది. కాబట్టి పనికొచ్చేది గదుల్లోపలి తలమే. ఈ రకం మీడియా నార్వేలో పుట్టింది. ట్రాండ్‌హైమ్ విశ్వవిద్యాలయంలో హాల్వార్డ్ ఓడెగార్డ్ అనే ప్రొఫెసర్ 1980ల చివర్లో మురుగునీటి శుద్ధికి దీన్ని రూపొందించాడు. ఆ అసలు కె1 దాదాపు 9 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చిన్న చక్రం, లోపల అడ్డంగా గోడలు. దాని లోపలి తలం 500. ఇప్పుడు మార్కెట్‌లో దొరికే 900, 1,200 రకాల్లో గదులు సన్నగా ఉంటాయి. కొత్తలో ఆ తలం నిజమే కావచ్చు. రెండు నెలలయ్యాక సన్న గదుల్లో పొర నిండిపోతే నీళ్లు దూరవు, ఆక్సిజన్ అందదు. చేపల పెంపకానికి నేను ఏ మీడియానైనా 500 నుంచి 600 కంటే ఎక్కువ లెక్కవేయను, డబ్బా మీద ఏం రాసి ఉన్నా సరే.

పలకల్లా ఉండే చిప్ మీడియాకి 3,000 దాటిన అంకెలు చెబుతారు. మీడియా మంచిదే, చెడ్డదని అనను. కానీ ఆ తలాన్ని 0.3తో హెచ్చించి ‘కె1 కంటే ఆరు రెట్లు’ అని లెక్క కట్టకండి. లోపలి రంధ్రాల్లోకి ఆక్సిజన్ చొచ్చుకెళ్లేది కొద్దిలోతే.

కొనేటప్పుడు ఇంకో మాట. కొందరు కిలోల్లో అమ్ముతారు, కొందరు ఘనమీటర్లలో. కె1 రకం ఒక ఘనమీటరు సుమారు 150 కిలోలు తూగుతుంది. గోడ పల్చగా ఉన్నవి ఇంకా తక్కువ. మీరు మాత్రం 100 లీటర్ల డ్రమ్ము పెట్టి కొలిచి తీసుకోండి. కొత్త హెచ్‌డీపీఈ ప్లాస్టిక్‌తో చేసింది నీటికంటే కాస్త తేలిక, వేసిన రోజు పైన తేలాలి. పాత ప్లాస్టిక్‌లో సుద్దపొడి కలిపి పోసినవి మునుగుతాయి, అడుగున కుప్పపడి గాలికి కదలవు. గుప్పెడు తీసుకుని బకెట్ నీళ్లలో వేసి చూస్తే క్షణంలో తెలిసిపోతుంది. మంచి మీడియా కూడా మొదటి రెండు మూడు వారాలు పైన తెట్టులా తేలుతుంటే కంగారు పడకండి. పొర పట్టిన కొద్దీ బరువెక్కి నీళ్లలో కలిసి తిరుగుతుంది.

ఇక మీరు అడిగిన మిగతా రకాలు. 20 మిల్లీమీటర్ల కంకర ఘనమీటరుకి 150 నుంచి 180 చదరపు మీటర్ల తలం ఇస్తుంది, బరువు టన్నున్నర. మీకు 12 బదులు 35 ఘనమీటర్ల కంకర కావాలి. అది మూసుకుపోయినప్పుడు ఎవరు తోడతారు? పెరట్లో ఒక చిన్న ట్యాంకు, పైన ఆకుకూరల మడి పెట్టుకునేవాళ్లకి కంకర బ్రహ్మాండంగా పనిచేస్తుంది, వాళ్లు ఈ ప్లాస్టిక్ జోలికి పోనక్కర్లేదు. సిరామిక్ రింగులు, లావా రాళ్లు అక్వేరియం సరుకు. మడ్డి లేని నీళ్లలో బాగుంటాయి, మేత వేసే చెరువు లాంటి నీళ్లలో రంధ్రాలు నెలలోపే పూడుకుపోతాయి. బయోబాల్స్ నీళ్లలో ముంచేవి కావు, పైనుంచి నీళ్లు జల్లులా పడే టవర్‌లో వేసేవి. సీసా మూతలు పెరటి యూనిట్‌కి సరే, బోర్లా పడిన మూత కింద మురికి చేరుతుంది. కొబ్బరి పీచు వద్దే వద్దు, కుళ్లుతుంది. ఆల్చిప్పలు మాత్రం నాకిష్టం. గుల్లసున్నం కాల్చే ఊళ్లలో చవగ్గా దొరుకుతాయి. మీడియాగా తలం తక్కువే అయినా మెల్లగా కరుగుతూ పీహెచ్ పడిపోకుండా కొంత కాస్తాయి. నెట్ సంచిలో కట్టి సంపులో వేసుకోవచ్చు.

జల్లు టవర్‌ని పూర్తిగా కొట్టిపారేయకండి. కూలింగ్ టవర్లలో వాడే పీవీసీ పలకల దిమ్మెలు ఘనమీటరుకి 150 నుంచి 200 తలమే ఇస్తాయి గానీ, నీళ్లు పైనుంచి పడుతుంటే కార్బన్ డయాక్సైడ్ పోతుంది, ఆక్సిజన్ ఉచితంగా వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు రెండు మూడు డిగ్రీలు చల్లబడతాయి కూడా. డబ్బుంటే కదిలే మీడియా ట్యాంకు తర్వాత ఒక చిన్న టవర్ పెట్టడం నేను చూసిన మంచి అమరికల్లో ఒకటి.

మోటారు. ఇది చాలామంది చూడరు. ఫిల్టర్ ఎంత పెద్దదైనా, దాని దగ్గరికి వచ్చిన అమ్మోనియానే తీయగలదు. గంటకి 20 ఘనమీటర్లంటే రోజుకి 480. ఆ 480 ఘనమీటర్ల నీళ్లు 1,770 గ్రాములు మోసుకురావాలంటే, ప్రతి లీటరూ ఫిల్టర్‌లో 3.7 మిల్లీగ్రాములు వదిలిపోవాలి. ట్యాంకులో ఉండాల్సిందే 1.5 నుంచి 2 అయితే 3.7 ఎక్కడి నుంచి వదులుతుంది? అంటే మీ ట్యాంకులో అమ్మోనియా 4, 5కి పెరిగితే తప్ప లెక్క కుదరదు. మీరు 12 ఘనమీటర్ల మీడియా కొన్నా ఇదే జరుగుతుంది. నీళ్లు ఒకసారి ఫిల్టర్ గుండా పోయినప్పుడు మూడో వంతు తీస్తుందనుకుంటే, 2 మిల్లీగ్రాములున్న నీళ్లలో 0.7 పోతుంది. అప్పుడు రోజుకి 2,500 ఘనమీటర్లు, గంటకి 100 పైన తిరగాలి. మీ 180 ఘనమీటర్ల నీళ్లు గంటన్నర, రెండు గంటల్లోపు ఒకసారి ఫిల్టర్ చుట్టి రావాలన్నమాట.

గంటకి 100 అనగానే కరెంటు బిల్లు కళ్లముందు కదులుతుంది, నాకు తెలుసు. అందుకే నీళ్లు ఎత్తే ఎత్తు తగ్గించాలి. ట్యాంకులు, మడ్డిని వడకట్టే డ్రమ్ ఫిల్టర్, బయోఫిల్టర్ దాదాపు ఒకే మట్టంలో కట్టి, పెద్ద పైపులతో వాలు మీద పారనిచ్చి, చివర ఒక్కచోట మాత్రం ఒకటిన్నర, రెండు మీటర్లు ఎత్తితే సరిపోయేట్టు చూసుకోండి. బోరు మోటారు లాంటిది కాదు, తక్కువ ఎత్తుకి ఎక్కువ నీళ్లు తోసేది అడగండి. సిద్దిపేట వైపు ఒక యూనిట్‌లో మీడియా కావలసినంత ఉంది, అమ్మోనియా మాత్రం దిగదు. మళ్లీ మీడియా కొనబోతుంటే ఆపి చూశాం. ట్యాంకు నుంచి వచ్చే పైపు 3 అంగుళాలది, నీళ్లే రావట్లేదు. 6 అంగుళాల పైపులు వేసి మోటారు మార్చాక కొత్త మీడియా అవసరమే పడలేదు.

బయోఫిల్టర్‌కి ముందు మడ్డి తీయాలి. మేతలో దాదాపు పావు వంతు మడ్డిగా బయటికొస్తుంది, మీకు రోజుకి 15 కిలోలు. అది మీడియా మీదికి పోతే, దాన్ని తినే వేరే బ్యాక్టీరియా గబగబా పెరిగి మన బ్యాక్టీరియాకి చోటు, ఆక్సిజన్ లేకుండా చేస్తుంది. మనకి కావలసిన నైట్రోసోమోనాస్, నైట్రోస్పైరా జాతుల బ్యాక్టీరియా చాలా నిదానంగా పెరుగుతుంది, పోటీకి తట్టుకోలేదు. మీడియా లోపల పల్చటి గోధుమరంగు పొర ఉంటే మంచిది. తెల్లగా, మందంగా, జిగురుగా ఉంటే మడ్డి ఎక్కువ వస్తోందని. నల్లగా అయి కంపు కొడితే గాలి అందట్లేదని.

గాలి గురించి. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని నైట్రేట్ చేయడానికి 4.57 గ్రాముల ఆక్సిజన్ కావాలి. మీ 1,770 గ్రాములకి రోజుకి 8 కిలోలు, ఇది చేప పీల్చేది కాక. ఫిల్టర్ ట్యాంకులో ఆక్సిజన్ 4 మిల్లీగ్రాముల కింద పడనివ్వకండి. మీడియాని ట్యాంకులో 60 శాతం మించి నింపకండి, మూడింట రెండు వంతులు దాటితే తిరగదు. అడుగున గాలి పైపులు ట్యాంకంతా పరిచి, ఏ మూలా నిలిచిపోకుండా చూడాలి. బయటికి నీళ్లు పోయేచోట జాలి సందు 5, 6 మిల్లీమీటర్లకి మించకూడదు, లేకపోతే మీడియా చేపల ట్యాంకుల్లోకి వచ్చేస్తుంది.

సోడా ఖర్చు ముందే రాసుకోండి. అమ్మోనియా నైట్రేట్‌గా మారేటప్పుడు ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా కాసే నీటి గుణం) ఖర్చవుతుంది. గ్రాముకి 7.14 గ్రాములు, కాల్షియం కార్బొనేట్ లెక్కలో. మీకు రోజుకి 12 కిలోల పైనే. మన బోరు నీళ్లలో ఆల్కలినిటీ ఎక్కువ కాబట్టి మొదటి నెల ఏమీ తెలియదు. ఆల్కలినిటీ లీటరుకి 300 మిల్లీగ్రాములు ఉన్న నీళ్లు రోజుకి 18 ఘనమీటర్లు కొత్తగా పెట్టినా, ట్యాంకులో 100 దగ్గర నిలబెట్టాలంటే ఆ నీళ్ల నుంచి మీకొచ్చేది మూడున్నర కిలోలే. మిగతాదానికి తినే సోడా రోజుకి సుమారు 15 కిలోలు వేయాలి. సున్నం చవక, పరిమాణం కూడా సగానికి తక్కువ పడుతుంది. కానీ పీహెచ్ ఒక్కసారిగా ఎగరేస్తుంది, నీళ్లలో కలిపి ఆ సున్నపు నీళ్లని బొట్లు బొట్లుగా సంపులో వదలాలి. ఆల్కలినిటీ 50కి పడిపోయిన ఫిల్టర్‌లో మీడియా ఎంత ఉన్నా అమ్మోనియా పెరుగుతూనే ఉంటుంది.

పీహెచ్ ఎక్కువ ఉండటం కూడా మంచిది కాదు. నీళ్లు పరీక్షించే కిట్‌లో కనిపించేది మొత్తం అమ్మోనియా, చేపని చంపేది అందులో విషరూపంలో ఉన్న వంతు. 28 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే ఆ వంతు ఒక శాతం కూడా లేదు, 7.5 దగ్గర 2 శాతం, 8 దగ్గర ఆరున్నర, 8.5 దగ్గర 18 శాతం. చెరువుల నుంచి వచ్చినవాళ్లు 8 చూసి సంతోషిస్తారు. ఆర్‌ఏఎస్‌లో 7 నుంచి 7.5 మధ్య ఉంచుకోండి.

బ్యాక్టీరియా సీసాల గురించి సూటిగా చెబుతాను. మన రొయ్యల మార్కెట్‌లో దొరికే పొడులు ఎక్కువగా బాసిల్లస్ జాతులవి. అవి మడ్డిని తింటాయి, అమ్మోనియాని నైట్రేట్ చేయవు. మనకి కావలసిన జాతులు విత్తనం లాంటి నిద్రావస్థలోకి పోలేవు కాబట్టి ఎండు పొడిగా నెలల తరబడి నిలవుండవు. ‘నైట్రిఫయర్ పౌడర్’ అని రాసి ఉంటే డబ్బు దాచుకోండి. ద్రవరూపంలో, చల్లటి చోట నిలవచేసినవి కొంత పనిచేస్తాయి. అవి లేకపోయినా ఫిల్టర్ దానంతటదే ముదురుతుంది, మన వేడికి మూడు నుంచి ఐదు వారాలు పడుతుంది.

చేప లేకుండానే మొదలుపెట్టండి. ఫిల్టర్, ఒక్క ట్యాంకు కలిపి 50 ఘనమీటర్ల నీళ్లు తిప్పుతూ 600 గ్రాముల అమ్మోనియం క్లోరైడ్ వేస్తే లీటరుకి 3 మిల్లీగ్రాములు వస్తుంది. గుప్పెడు మేత కూడా వేయండి, వాటికి భాస్వరం కావాలి. రోజూ కొలవండి. ముందు అమ్మోనియా దిగుతుంది, నైట్రైట్ (అమ్మోనియా నైట్రేట్ అయ్యే దారిలో మధ్య రూపం) ఎగబాకుతుంది, ఆ తర్వాత నైట్రైట్ కూడా దిగుతుంది. మళ్లీ అమ్మోనియం క్లోరైడ్ వేసి, ఒక రోజులో రెండూ సున్నా దగ్గరికి వస్తే పిల్ల వేయొచ్చు. ఇంకో యూనిట్ నుంచి ముదిరిన మీడియా రెండు సంచులు తెస్తే ఈ సమయం సగమవుతుంది, కానీ రోగం కూడా వస్తుంది. తిలాపియా లేక్ వైరస్ మన దేశంలో కూడా బయటపడింది. తెలిసిన ఫారం, జబ్బు చరిత్ర లేని ఫారం అయితేనే తెచ్చుకోండి.

మధ్యలో నైట్రైట్ కొడితే చేప రక్తం గోధుమరంగుకి మారి, ఆక్సిజన్ ఉన్నా నోరు పైకి పెడుతుంది. దానికి కళ్లుప్పు. నైట్రైట్ నత్రజనికి పది రెట్లు క్లోరైడ్ ఉండాలి. మీ 180 ఘనమీటర్లకి 30 కిలోల ఉప్పు వేస్తే 100 మిల్లీగ్రాముల క్లోరైడ్ వస్తుంది, మామూలు పరిస్థితికి చాలు. మేత రెండు రోజులు ఆపండి.

కడగడం: కదిలే మీడియాని కడగకూడదు. అది తనంతట తాను రాసుకుని శుభ్రపడుతుంది. ఎప్పుడైనా మడ్డి పేరుకుని తప్పక కడగాల్సి వస్తే, పావు వంతు మాత్రం తీసి, ఆ వ్యవస్థలోని నీళ్లతోనే జాడించండి. సంగారెడ్డి వైపు ఒకాయన పండగ ముందు ఇల్లు కడిగినట్టు మీడియా అంతా తీసి బ్లీచింగ్ కలిపిన నీళ్లతో తళతళలాడించాడు. వారం తిరక్కుండా అమ్మోనియా చుక్కలు చూపించింది, మళ్లీ నెల పట్టింది. మిషన్ భగీరథ నీళ్లు వాడేవాళ్లు కూడా క్లోరిన్ సంగతి చూసుకోవాలి. ఒక రోజు గాలి కొట్టి గానీ, సోడియం థయోసల్ఫేట్ వేసి గానీ వాడండి.

మందులూ అంతే. ఫార్మలిన్, పర్మాంగనేట్, మైలుతుత్తం, యాంటీబయోటిక్స్ ఏవైనా ఫిల్టర్‌ని దెబ్బతీయొచ్చు. కట్టేటప్పుడే ప్రతి ట్యాంకుకీ వాల్వు పెట్టించుకోండి. మందు వేసే ట్యాంకుని వ్యవస్థ నుంచి తప్పించి, ఆ నీళ్లు బయటికి వదిలేశాకే తిరిగి కలపాలి. కరెంటు పోయి గాలి ఆగితే మీడియా కదలక ఒకచోట చేరి రెండు మూడు గంటల్లో కుళ్లడం మొదలవుతుంది. గాలి తోసే బ్లోయర్ జనరేటర్ మీద ఉండాలి. ఎక్కువసేపు ఆగిపోయి ఉంటే, ఫిల్టర్ ట్యాంకులో నిలిచిన నీళ్లు చేపల మీదికి పంపకుండా ముందు బయటికి తోడేయండి.

ఒక సందేహం కొందరికి ఉంటుంది, మీకు లేకపోయినా చదివేవాళ్ల కోసం: బయోఫ్లాక్ ట్యాంకులో ఈ మీడియా వేయాలా? అక్కర్లేదు. అక్కడ పని నీళ్లలో తేలే ఫ్లాకే, అంటే బ్యాక్టీరియా ముద్దలే, చేస్తుంది. బెల్లం పోసి ఫ్లాక్ పెంచుతూ, పక్కన మీడియా ఫిల్టర్ కూడా తిప్పితే ఒకటి ఇంకోదాన్ని చెడగొడుతుంది. రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి.

మీ డబ్బు దృష్ట్యా నా సలహా ఇది. మీడియా అంతా ఇప్పుడే కొనకండి. ట్యాంకు మాత్రం 20 ఘనమీటర్లది ఇప్పుడే కట్టించండి, పైపులు, గాలి గొట్టాలు దానికి తగ్గట్టే వేయించండి. తర్వాత పగలగొట్టి పెంచడం చాలా ఖర్చు. మొదటి విడత 6 ఘనమీటర్ల మీడియా వేయండి, పిల్ల చిన్నది కాబట్టి మొదటి నెలలకి అది ఎక్కువే. మేత రోజుకి 30 కిలోలు దాటబోతోందనగా ఇంకో 3, 45 దాటబోతోందనగా మిగతా 3. కొత్తది పాతదాంతో కలిసి తిరుగుతుంది కాబట్టి త్వరగా పొర పడుతుంది. అయినా మూడు వారాల ముందే వేయాలి, అమ్మోనియా పెరిగాక వేస్తే ఉపయోగం లేదు. కొటేషన్‌లో మాత్రం ‘మీడియా 2 ఘనమీటర్లు’ అన్నచోట, రోజుకి ఎన్ని కిలోల, ఎంత శాతం ప్రోటీన్ మేతకి ఈ ఫిల్టర్ తగినదో, అప్పుడు అమ్మోనియా ఎంత ఉంటుందో రాసి సంతకం పెట్టమనండి. పెట్టనంటే ఇంకొకరి దగ్గర కొటేషన్ తీసుకోండి.